ముందు వెళ్ళిన డ్రోన్

డ్రోన్ల కంట్రోల్ రూమ్. తెర ముందు ఆపరేటరు. తలుపు దగ్గర అతని బావ, అక్క మొగుడు, ఆసుపత్రి నుంచి నేరుగా ఇటే వచ్చాడు.

“...ముందు కూర్చోండి బావా.”

“కూర్చోను. రక్తం ఎందుకు ఆలస్యమైందో చెప్పు.”

“టీ తాగుతారా?”

“మీ అక్క ఆపరేషన్ బల్ల మీద పోయింది. ఇప్పుడు టీ ఏంట్రా?”

“అంటే... పొద్దున్నుంచి ఏం తిని ఉండరని.”

“ఆకలి లేదు. ఏడుపూ రావట్లేదు. బస్సు గుద్దిందని ఫోన్ వచ్చినప్పట్నుంచి ఇంతే. నువ్వు ఏడ్చావా?”

“లేదు బావా. డ్యూటీ దిగాక చూద్దామనుకున్నా.”

“ఊఁ. చెప్పు. రక్తం డ్రోన్ అసలు బయల్దేరిందా?”

“బయల్దేరింది. నేనే లేపాను. వంతెన దగ్గర ఆగింది.”

“గాల్లో కూడా సిగ్నలా?”

“ఎదురుగా ఇంకోటి వస్తోంది. దారి దానిది.”

“రక్తాన్ని ఆపి దానికి దారి ఎవడిచ్చాడు?”

“ఎవడో ఒకడు ఇచ్చేది కాదు బావా. బ్లాక్‌చెయిన్ అని చెప్పానుగా మీకు. అన్ని కంపెనీల కంప్యూటర్లలోనూ ఒకటే చిట్టా. ఏ డ్రోన్ ఎటు పోతుందో అందులో రాయాలి, మిగతా వాళ్ళ మిషన్లన్నీ సరే అనాలి. అప్పుడే దారి. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా.”

“గుద్దుకోలేదుగా. బాగానే పనిచేసింది.”

“...బాగానే పనిచేసింది.”

“ప్రాణం మీదికొచ్చిన వాటికి ముందు దారి అన్నావు కదరా?”

“దానికీ ఎర్ర గుర్తే ఉంది. రెండూ ఎర్రవైతే ముందు రాసింది ముందు.”

“అంటే దాన్లోనూ ఎవరి ప్రాణమో ఉందా?”

“లేదు. మామూలు పార్సిల్. సొంతవాళ్ళు అడిగితే ఎర్ర గుర్తు పెట్టేస్తాం బావా, ఇక్కడ అందరం. త్వరగా చేరుతుందని. ఇన్నాళ్ళూ ఏం కాలేదు.”

“అయితే అదీ మీ కంపెనీదే.”

“మాదే.”

“గుర్తు పెట్టింది?”

“నేనే.”

“మధ్యలో తీసేసి చావొచ్చుగా!”

“అందరూ సరే అన్నాక తియ్యలేం. చెరపలేం. అది దిగేదాకా రక్తం కదలదు. ఇదే కుర్చీలో కూర్చుని చూశా బావా. రెండు చుక్కలు. ఒకటి కదులుతోంది, ఒకటి కదలట్లేదు.”

“ఎవరడిగారు నిన్ను?”

“నా మీద కేసు పెట్టండి. నేనే చేశానని చెప్పేస్తా.”

“నీ మీద పెడితే నాకేం ఒరుగుతుంది? దాని తమ్ముడివి నువ్వు. అడిగినవాడెవడో చెప్పు.”

“చెప్పి ఏం లాభం బావా?”

“వాడింటికెళ్తా. కొట్టను, తిట్టను. నీ సామాను అందిందా నాయనా అని అడుగుతా. అంతే.”

“వద్దు బావా.”

“ఎవడ్రా వాడు?”

“మీరు మా ఇంటికి పదండి. ఈ పూటకి మీ ఇంటికెళ్ళొద్దు.”

“నా ఇంటికి నేనెందుకు వెళ్ళకూడదు?”

“మీ డాబా మీద పెట్టె ఉంటుంది బావా. తనకి తెలీకుండా త్వరగా పంపరా అని పొద్దున మీరు ఫోన్ చేశారే, అక్కకి కొన్న కొత్త కళ్ళజోడు.”