వంజరం చెప్పిన చోటు

ఒడ్డున ఐసు షెడ్డులో, తలుపు దగ్గరికి వేసుకుని, ఇద్దరే ఉన్నారు: పాలేనికి పెద్ద అయిన కాపు గంగులయ్య, చేపల మీద పరిశోధన చేస్తున్న అతని మేనకోడలు ఉష. ఉష తమ్ముడు శివ నిన్న తెల్లవారకముందే మామ బోటులోంచి సముద్రంలో పడిపోయాడు. ఇంకా దొరకలేదు.

"మళ్ళీ చెప్పు మామా. యాడ పడినాడు?"

"ఎన్నిసార్లు చెప్పాల? లైటుహౌసుకి ఎదురుగా అని ఒడ్డంతా చెప్పినా గదా."

"వల లాగతా పడినాడా, అల కొట్టిందా?"

"వల... అల. వల లాగతా ఉంటే అల కొట్టింది. నన్ను వదులు ఉషా. బోట్లు బయల్దేరతా ఉండాయి, నేనూ పోవాల."

"ఏడకి పోతాయి ఆ బోట్లు?"

"ఏడకేంది? లైటుహౌసు ముందరికే. నిన్నట్నించీ అక్కడే గదా ఎతకతా ఉండారు."

"అక్కడ లేడు గనకనే దొరకలా."

"ఏం మాటలే అవి? మీ అమ్మ ఇసకలో పడి ఏడస్తా ఉంది. పోయి పట్టుకో పో."

"కామమ్మత్త పట్టుకోని ఉంది. మామా, నువ్వూ శివా రెండు క్యాన్ల డీజిలు ఎత్తుకోని పోయినారు. రెండూ ఖాళీ. లైటుహౌసు దాకా పోయొచ్చేదానికి రెండు క్యాన్లా?"

"ఇంజను తాగేస్తా ఉంది. మెకానిక్కుకి చూపియ్యాల."

"మొన్ననే గదా చూపించినావు."

"చూపించినా. చూపించినా గానీ మళ్ళీ చెడింది! పోలీసోళ్ళ మాదిరి ఏంది నీ ప్రశ్నలు? నేను వాడి మేనమామని. వాడికి ఈత నేర్పిందే నేను."

"అందుకే నిన్ను అడగతా ఉండా. ఈ సీసా చూడు."

"ఏందది?"

"తెలీదా? పట్టిన ప్రతి వంజరం చేపకీ శివ రెక్క కొస కోసి, స్పిరిట్లో వేసి తెస్తాడు గదా నా పనికి. ఇది నిన్న నీ బోటులో దొరికింది. పడిపోక ముందర వాడు కోసిన ముక్కలు."

"తీసెయ్. నాకు చూపించబాక."

"రాత్రి నెల్లూరు పోయి, మా ల్యాబులో మిషనుకి పెట్టినా."

"తమ్ముడు నీళ్ళల్లో ఉంటే, నువ్వు చేప ముక్కలు పట్టుకోని నెల్లూరు పోయినావా?"

"పోయినా. చేపకి గూడా ఇంటిపేరు ఉంటాది మామా. తల్లి నించీ తండ్రి నించీ వచ్చిన గుర్తులు ఒంట్లో ప్రతి ముక్కలోనూ ఉంటాయి. ఆ గుర్తులు పట్టిచ్చే మార్కర్లు తయారు చేసేదే నా చదువు. మన నీళ్ళల్లో వంజరానికి ఒక వరస. శ్రీహరికోట దాటినాక, దక్షిణపు వంజరానికి ఇంకో వరస."

"అంటే?"

"అంటే యాడ పట్టినారో చెప్పేస్తాది."

"చేపా?"

"చేపే."

"చేపకి గోడలుండాయా? అక్కడి చేప ఈడకి ఈదుకోని రాదా?"

"ఒకటి రావొచ్చు. ఈ సీసాలో ఉండేటివన్నీ దక్షిణపువే."

"మిషను తప్పు చెప్పుంటాది."

"మళ్ళీ పెట్టినా. మళ్ళీ అదే వచ్చింది."

"మెల్లిగా. బయట పెంచలయ్య ఉండాడు, విన్నాడంటే పాలెమంతా చెప్తాడు."

"ఉంటే ఏమి? దక్షిణానికి ఎవురూ పోగూడదని పాలేనికంతా కట్టుబాటు పెట్టి దురాయి వేసింది నువ్వేననా? ఆ దక్షిణపోళ్ళు మన వలలు కోసినారని, మీ చేప మీది, మా చేప మాది అని గంగమ్మ ముందర అందరి చేతా కర్పూరం ఆర్పించి ఒట్టు పెట్టించింది నువ్వేననా?"

"ఆపు."

"దాటినోడి బోటు లాక్కోని, ఇంటిని వెలేస్తామని చెప్పింది..."

"ఆపమంటా ఉండా గదా! ఇక్కడ చేప యాడుండాది? నీకు తెలీదా? కాపు బోటు దినమూ ఖాళీగా వస్తా ఉంటే ఒడ్డున నవ్వుకుంటా ఉండారు. శివగాడే అన్నాడు, ఒక్కసారి పోదాం మామా అని. కాదు... వాడనలా. వాడు వద్దనే అన్నాడు. నేనే తీసకపోయినా."

"ఎందాకా?"

"ఉషా..."

"పొద్దు వాలతా ఉంది మామా. ఎందాకా?"

"పులికాటు నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దాటి. ఒడ్డు కనపడనంత లోపలికి. వాళ్ళ బోట్లు కనపడినాయి. లైటు ఆర్పేసి తిప్పినా. గబుక్కున తిప్పినా. వాడు అంచు మీద కూర్చోని నీ ముక్కలు కోస్తా ఉండాడు."

"పడినాక?"

"తాగే నీళ్ళ డబ్బా ఖాళీది ఇసిరినా. పట్టుకున్నాడు. కళ్ళారా చూసినా, పట్టుకున్నాడు. వాళ్ళేమో దగ్గరికొచ్చేస్తా ఉండారు..."

"వదిలేసి వచ్చినావా?"

"నీరు ఉత్తరానికి లాగతా ఉంది! ఈ నెలల్లో ఎప్పుడూ అట్నే లాగతాది. వాణ్ణి మన లైటుహౌసు ముందరికే తెచ్చేస్తాది, దాటిన సంగతి ఎవురికీ తెలీకుండా ఎత్తుకుందాం అనుకున్నా. అందుకే ఆ చోటు చెప్పినా. రాత్రి పోయి చూస్తే నీటి వాటం తిరిగిపోయుంది. దక్షిణానికి లాగతా ఉంది."

"అది తెలిసీ చెప్పలా."

"చెప్పి మీ అమ్మ మొహం ఎట్ట చూసేది? చెల్లెలి బిడ్డని..."

"మామా, ఏడవబాక. తర్వాత ఏడుద్దువు. వాడి చేతిలో డబ్బా ఉంది. బతికే ఉంటాడు."

"వాళ్ళ బోట్లకి దొరికుంటే?"

"దొరికుంటే బతికుంటాడు."

"కొట్టి చంపేస్తే?"

"నువ్వు ఇంకా కాపు మాదిరే మాట్లాడతా ఉండావు. ఇదో, కోస్టు గార్డు ఆఫీసరుకి ఫోను కలపతా ఉండా. ఇప్పుడు చెప్పిందే ఆయనకీ చెప్పు. మొగ దాటి ఎంత లోపల, ఏ వేళ, నీరు ఎప్పుడు తిరిగింది. దక్షిణపు బోట్లకి గూడా కబురు పెట్టమను."

"చెప్తా. ఇయ్యి. పెంచలయ్య వింటే విననీ, బోటు పోతే పోనీ. ఉషా... ఒక్క మాట. నీ చేపే లేకపోతే నేను చెప్పుండే వాణ్ణి గాదు. నా పాపం నాతోనే పోయుండేది. ఆ చేపే పట్టిచ్చింది నన్ను."

"రింగు పోతా ఉంది, చెవి కాడ పెట్టుకో. చేప ఏమీ చెప్పలా మామా. నేను నెల్లూరూ పోలా, సీసా మూతా తియ్యలా. తీసినా చెప్పేదేమీ లేదు. ఇన్నేండ్లు చదివితే తేలింది ఒకటే: ఆ వంజరానికీ మన వంజరానికీ ఇంటిపేరు ఒకటే."