గోడవతల నుంచి కట్టిన అంటు

ఎనిమిదికి ఎనిమిదీ పోయాయండి బర్నబాస్ గారూ! ఒక్కటంటే ఒక్కటి నిలవలేదు. ఇదిగో, చూడండి. సంచిలో వేసుకుని తెనాలి నుంచి బాపట్ల దాకా పాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పక్కన కూర్చున్నావిడ "ఏంటమ్మా, చితుకులా?" అని అడిగింది. ఏం చెప్పను? చితుకులేనన్నాను.

లేవకండి, కూర్చోండి. మీరు లేస్తే నేనూ నిలబడాల్సొస్తుంది. కృపమ్మగారూ, నాకు కాఫీ ఏమీ వద్దండీ... సరే, పెట్టండి. తాగుతాను.

మీరు చెప్పింది చెప్పినట్టే చేశానండి. మామిడి కొమ్మల ఎత్తుకి మంచె వేయించానా? మీరు ఆషాఢంలో తెచ్చిచ్చిన ఎనిమిది టెంక మొక్కల్నీ కుండీలతో సహా మంచె మీద పెట్టానా? మొక్క కాండానికి రెండంగుళాల మేర చెక్కు తీశాను. పక్కనున్న చెట్టు కొమ్మకీ అంతే తీశాను. కోసిన చోటికి కోసిన చోటు ఆనించి అరటి నారతో చుట్టాను. పైన పేడా మట్టీ కలిపి మెత్తాను. రోజూ పొద్దున్నే స్టూలెక్కి చెంబుతో నీళ్ళు. డెబ్బై రోజులండి! రెండుసార్లు బడికి ఆలస్యమై హెడ్మిస్ట్రెస్ చేత మాట కూడా పడ్డాను.

విడదీసి పది రోజులైంది. అదీ మీరు చెప్పినట్టే. మొక్కకి తల కొయ్యాలి, కొమ్మకి మొదలు కొయ్యాలి. ముందు చిన్న గాటు, వారం ఆగి ఇంకాస్త లోతుగా, ఆ పై వారం పూర్తిగా. ఎక్కడా తొందరపడలేదు. అయినా విడదీసిన నాలుగో రోజుకి ఆకులన్నీ వేలాడిపోయాయి.

కట్టు విప్పి చూశాను. ఏముందనుకున్నారు? మొక్క గాయం మొక్క మాన్చుకుంది. కొమ్మ గాయం కొమ్మ మాన్చుకుంది. రెండూ నున్నగా, ఎవరి దారి వాళ్ళదిగా ఉన్నాయి. మధ్యలోంచి పోస్టు కార్డు దూరుతుంది. దూర్చి చూశాను కూడా.

నవ్వు ఆపుకోకండి, నవ్వాల్సిన సంగతే. పదిహేడేళ్ళుగా హైస్కూల్లో ఈ పాఠం చెబుతున్నదాన్ని నేను. నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ వేస్తాను. కొమ్మకి ఆకుపచ్చ, కట్టుకి పసుపు. చాలా బాగా వేస్తానండి, ఇన్‌స్పెక్టర్ గారు కూడా మెచ్చుకున్నారు. 'అంటు కట్టుట, ప్రయోజనములు' అని నోట్సు చెప్పి, ఎంతమంది ఆడపిల్లల్ని ఆ జవాబుతో పాసు చేయించానో! అంతమందిలో ఒక్కతైనా లేచి, "టీచర్, మీరెప్పుడైనా కట్టారా?" అని అడగలేదు.

అడిగింది మీ అమ్మాయే. ప్రేమకుమారి మా బళ్ళో కుట్టు టీచరుగా చేరి ఏడాది కాలేదు, స్టాఫ్ రూములో నా గోడు విని అడిగేసింది. లేదమ్మా అన్నాను. "అయితే మా నాన్నని పిలిపిస్తానండి. ముప్పై ఏళ్ళు తోటల్లో అదే పని" అంది. పిలిపించింది. మీరొచ్చారు. ఇంత దూరం, ఎనిమిది కుండీలు గంపలో పెట్టుకుని, రైల్లో.

ఇప్పుడు నాలుగు రోజులే ఉన్నాయి. సోమవారం చెట్టు కొట్టేస్తారండి.

మా మరిది చలపతిరావుని ఏమీ అనలేను. ఆస్తి పంచుకున్నప్పుడు పెరట్లో గీత గీస్తే చెట్టు ఆయన వైపు పడింది. నుయ్యి ఇద్దరికీ ఉమ్మడి, చెట్టు మాత్రం ఆయనది. అక్కడ గోడౌను కట్టుకుంటాడట. "వదినా, కావాలంటే వర్షాలు తగ్గేదాకా ఆగుతాను" అన్నాడు. ఆగాడు కూడా. ఇంకా ఆగమని ఏ మొహం పెట్టుకుని అడగను?

నాకు చెట్ల మీద పెద్ద ప్రేమలేవీ లేవండి. కాయ కావాలంటే బజార్లో దొరుకుతుంది. అడిగింది మా అత్తగారు. హైమావతమ్మగారు. తుంటి విరిగి మంచాన పడి ఏడాదిన్నర అయింది. తనకి ఫలానాది కావాలని ఎప్పుడూ అడగని మనిషి. ఆ చెట్టు ఆవిడ టెంక పాతితే మొలిచింది. అందరి మామిళ్ళూ అయిపోయాక, ఆషాఢం చివర్లో, జనం మామిడిపండు మాటే మర్చిపోయాక, అప్పుడు పండుతుంది. అంత ఆలస్యంగా పండే కాయ మా చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

"అనసూయా, దీని టెంక పాతితే మళ్ళీ ఇదే కాయ రాదు కదే?" అంది. రాదత్తయ్యా, టెంకతో పెరిగింది తల్లిలా ఉంటుందని నమ్మకం లేదు, అంటు కడితేనే అదే కాయ వస్తుందన్నాను. "అయితే కట్టు. నీ వాటాలో ఒకటి పెట్టు. నువ్వు దీనికే కదా చదువుకున్నావు" అంది. అంతే.

చదివించింది ఆవిడేనండి. ఇంటర్‌తో ఆపి పెళ్ళి చేసి పంపించారు మా వాళ్ళు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళి, కాలేజీలో చేర్పించి, హాస్టల్లో ట్రంకు పెట్టె దించి వచ్చింది. మా మామగారు నాలుగు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. "మాట్లాడకపోతే చెవులకి విశ్రాంతి" అందట. అలాంటి మనిషి.

ఇదిగో, కాఫీ తాగేశాను కృపమ్మగారూ, బాగుంది. గ్లాసు అక్కడే పెడతాను... సరే, మీరే తీసుకోండి.

ఏంటండీ అంతసేపు చూస్తున్నారు ఆ చితుకుని? తప్పెక్కడుందో తెలిసిందా? ...వేలు. అవునండి. నాకూ అదే అనిపించింది.

ఆ రోజు మీరు గోడవతల సందులో నిలబడి చెప్పారు. నేను గోడకి ఇవతల, నూతి పక్కన, చెట్టు కింద కోశాను. "చెక్కు మట్టంగా వచ్చిందా అమ్మా?" అన్నారు. వచ్చిందన్నాను. "రెండూ ఆనించాక మధ్యలో వెలుతురు కనపడతందా?" అన్నారు. లేదన్నాను. కనపడిందో లేదో నాకెలా తెలుసు? కళ్ళజోడు లోపల వదిలేసి వచ్చాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటే మీరేమనుకుంటారోనని బింకం.

అప్పుడు మీరన్నారు. "ఒక్కసారి నా బొటనేలితో నొక్కి చూస్తే తెలిసిపోద్దమ్మా."

నేనేమన్నాను? "మీరు చెప్పండి, నేను నొక్కుతాను" అన్నాను.

ఎంత నొక్కాలో నోటితో చెప్పగలిగే సంగతేనా అది? పాపం, మీరు మా గోడ మీద మీ వేలు ఆనించి నొక్కి చూపించారు. "ఇంత అమ్మా" అన్నారు. ఇటుక గోడ మీద! ఇటుక మీద నొక్కితే ఇవతల నాకేం తెలుస్తుంది? తెలిసినట్టు తలూపాను. ఎనిమిది మొక్కలకీ ఎనిమిదిసార్లు మీరు గోడని నొక్కారు, ఎనిమిదిసార్లు నేను తలూపాను.

ముందే చెప్పాను కదా మీతో, గుమ్మంలోనే. "మా అత్తగారు పాతకాలం మనిషండి, నూతి దగ్గరికి బయటివాళ్ళని రానివ్వదు, ఏమీ అనుకోకండి" అని. మీరు "పర్లేదమ్మా, పెద్దోళ్ళు గదా" అన్నారు. గంప నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి సందులోకి వెళ్ళారు.

బర్నబాస్ గారూ, అత్తయ్య అలా అనలేదండి.

అనలేదు. మీరొచ్చిన సంగతే ఆవిడకి తెలియదు. అడిగి ఉంటే ఏమనేదో మొన్న తెలిసింది.

మొన్న ఎండిన మొక్కలు తీసుకెళ్ళి చూపించాను ఆవిడకి. దాచడం ఎందుకని. "కట్టిందెవరే?" అంది. నేనే అన్నాను. "ఆ బాపట్లాయన వస్తాడన్నావుగా?" వచ్చాడు, గోడవతల నుంచి చెప్పాడన్నాను. "గోడవతల ఏం చేస్తున్నాడు?" అంది. ఆవిడ నా మొహంకేసి చూసింది, చూసింది, ఆ పైన బోసినోటితో ఒకటే నవ్వు. "అంటు కట్టేవాణ్ణి పిలిచి, అంటు కదా అని అవతల నిలబెట్టావుటే? దీనికా నిన్ను గుంటూరు తీసుకెళ్ళింది నేను?" అంది. నవ్వడం ఆపాక గోడవైపు తిరిగి పడుకుంది.

ఎందుకు చేశావని అడగండి. మీరడగరు. నేనే చెబుతాను. నాకు తెలియదండి. ఆలోచించి చేసిన పనైతే కారణం ఉండేది. మీరు వీధి మలుపులో గంపతో కనిపించారు. ప్రేమకుమారి వాళ్ళ నాన్న అనుకున్నాను. అనుకుంటుండగానే నా చెయ్యి వీధి తలుపు గడియ మీదకి పోయింది. మాట దానంతటదే వచ్చేసింది, అత్తయ్య మీద పెట్టి. ఎదురింటి కాంతమ్మగారు వరండాలో కూర్చుని ఉంది. ఆవిడా మా నూతిలోనే నీళ్ళు తోడుకుంటుంది. ఆవిడ ఏమైనా అందా? ఏమీ అనలేదు. బియ్యం ఏరుకుంటోంది. అంతే.

స్వరాజ్యం వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. ఆ పాఠమూ నేనే చెబుతాను, సోషల్ టీచరు సెలవు పెడితే. ఇక్కడ మీ ఇంట్లో కాఫీ గుటుక్కున తాగానా? తాగుతాను. ఇక్కడ నన్ను చూసేవాళ్ళెవరున్నారు?

మీరేమీ అనరేంటండీ? తిట్టినా బాగుండును. "పర్లేదమ్మా" అని మాత్రం అనకండి. ఆ మాట ఆ రోజే చాలా ఎక్కువైంది.

...ఏంటి? ఇంకో దారి ఉందా?

కొమ్మలు కోసి తెస్తే? చెట్టుకి ఉండగానే కట్టక్కర్లేదా? లేత చిగుళ్ళు కాకుండా, కాస్త ముదిరి, మొగ్గ ఉబ్బిన పుల్లలు... తడిగుడ్డలో చుట్టి... ఇక్కడ మీ దొడ్లో మొక్కలకి మీరే పక్కన గాటు పెట్టి కట్టేస్తారా? బతుకుతుందా? పదింటికి మూడో నాలుగో? ఒక్కటి చాలండి! ఆవిడ అడిగింది ఒక్కటే.

కానీ ఏ పుల్ల ముదిరిందో, ఏది మొగ్గ ఉబ్బిందో నాకెలా తెలుస్తుంది? చెప్పకండి, నోటితో చెప్పకండి మళ్ళీ! తలూపేస్తాను నేను. తప్పుడు పుల్లలు తెస్తాను. సోమవారం తర్వాత ఇంకోసారి కోసుకోవడానికి చెట్టుండదు.

మీరు వస్తారా?

నిజంగా? ఇంత విన్నాక కూడానా?

ఆదివారం రండి, బడి ఉండదు... అయ్యో, ఆదివారం మీకు చర్చి కదా. చూశారా, అదీ గుర్తులేదు నాకు. శనివారం. శనివారం ఒంటిపూట బడి. పొద్దుటి పాసింజర్లో ప్రేమకుమారితో కలిసి వచ్చేయండి. స్వయంగా చెట్టు దగ్గరికి వెళ్ళి, మీ వేలితో మీరే చూసుకుని, ఏది కావాలంటే అది కోసుకోండి. అత్తయ్య మంచం కిటికీ దగ్గరికి జరిపిస్తాను, చూస్తుంది. సంతోషిస్తుంది.

ఏంటండీ? ...ఏ గుమ్మంలోంచి రావాలనా?

అదేం ప్రశ్నండీ, ముందు గుమ్మంలోంచే. వీధి గుమ్మంలోంచి రండి. దర్జాగా. కాకపోతే... శనివారం కాంతమ్మగారింట్లో సత్యనారాయణ వ్రతం ఉందన్నారు. వీధంతా పేరంటాళ్ళు ఉంటారు. పన్నెండు దాటాక అయితే అందరూ భోజనాలకి కూర్చుంటారు, వీధిలో ఎవరూ ఉండరు. లేదా, మీకు ఎండెక్కిపోతుందనుకుంటే, సందు వైపు నుంచి... పెరటి తలుపు గడియ తీసి ఉంచుతాను...

విన్నారా?

ఇప్పుడేనండి, ఈ నోటితోనే అంతా చెప్పుకున్నాను. కాఫీ గ్లాసు ఇంకా తడి ఆరలేదు.

మీరు రండి, బర్నబాస్ గారూ. ఏ గుమ్మంలోంచి రావాలో మీరే చూసుకోండి. నన్ను మాత్రం అడగకండి. అడిగితే నేను ఇదే చెబుతాను.