కోలీ ఫెర్రీ బ్యాండులో అయిదో పేరు

అలబామాలో కోలీ ఫెర్రీ వంతెన పక్కన, ముసలి వెండెల్ థార్ప్ నడుపుకునే చేప ఎరల కొట్టు. గురువారం మధ్యాహ్నం, బయట ఎండ మాడ్చేస్తోంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఊపేసిన రాక్ అండ్ రోల్ బ్యాండులో వెండెల్ గిటారు వాయించాడు. ఎదురుగా నిలబడ్డ వెర్లీన్, అదే బ్యాండులో ఆర్గన్ వాయించిన యూలిస్ పెట్‌వే కూతురు.

"రాడంటే? రాకపోవడమేమిటమ్మా?"

"రానన్నాడండీ. అంతే."

"ఒంట్లో బాలేదా?"

"మోకాళ్ళ నొప్పులు. అవెప్పుడూ ఉన్నవేగా."

"మరి? ముందా కుర్చీ లాక్కుని కూర్చో. ఉడికించిన వేరుశనక్కాయలున్నాయి, వేడివేడిగా. తిను తల్లీ. మీ నాన్నకి ఇవంటే ప్రాణం."

"వద్దండీ వెండెల్ గారూ. ఎక్కువసేపు ఉండను. నేను చెప్పేది వినండి..."

"నువ్వు విను. శనివారం వంతెన దగ్గర కౌంటీ ప్రభుత్వం వాళ్ళు ఇనప పలక నిలబెడుతున్నారు, కోలీ ఫెర్రీ బ్యాండు ఇక్కడే పుట్టిందని. మొదట నాలుగే పేర్లు వేశారు దానిమీద. మీ నాన్న పేరేదీ అంటే, రికార్డు అట్ట మీద నలుగురే ఉన్నారు, ఈ అయిదో ఆయనెవరూ అని అడిగారు. నన్ను! ఆ పేరు లేకపోతే నా పేరూ పీకెయ్యండి అన్నాను. బల్ల గుద్ది మరీ అన్నాను."

"తెలుసండీ. పేపర్లో చదివాం."

"చదివి ఏమన్నాడు?"

"పేపరు చేత్తో పట్టుకుని, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూచున్నాడు."

"సంతోషం పట్టలేక."

"కాదండీ."

"నీకు తెలీదులే. మాకు పేరు తెచ్చిన ఆ పాట మొదట్లో మీ నాన్న ఆర్గన్ లేకపోతే పాటేదీ, మేమేదీ? రేడియోలో అది మోగితే చాలు, మొబీల్ నుంచి మేకన్ దాకా ట్రక్కులు రోడ్డు పక్కన ఆపి చిందులేసేవాళ్ళు. ఇప్పుడెవరున్నారు చెప్పు? పాడే డబ్‌ని తాగుడు తినేసింది. కార్ల్‌టన్‌ని గుండెపోటు తీసుకుపోయింది. హోయిట్ మొన్న చలికాలంలో పోయాడు. మిగిలింది మేమిద్దరం. ఆ పలక మీద గుడ్డ లాగేటప్పుడు పక్కన వాడు లేకపోతే, నేనొక్కణ్ణీ అక్కడ దేనికి? చచ్చిపోయినవాళ్ళ చప్పట్లు కూడా నేనే కొట్టించుకోడానికా?"

"ఆ మాట నాతో అంటే ఏం లాభం?"

"ఫోనెత్తి చస్తేగా వాడు!"

"ఎత్తడు."

"ఏదో ఉంది. అట్ట మీద ఫోటో గురించేనా? అది కంపెనీ వాళ్ళ పని, మా చేతుల్లో లేదు."

"ఫోటో కాదండీ."

"మరి తెర సంగతా? కొన్ని డాన్సు హాళ్ళలో ఓనర్లు ఒప్పుకునేవాళ్ళు కాదమ్మా, నల్లవాడు స్టేజీ ఎక్కితే. సరే, తెర వెనక కూర్చుని వాయిస్తానని వాడే అన్నాడు. మేం బలవంతపెట్టలేదు."

"మీరు మోసే ఆర్గన్ ముందు గుమ్మంలోంచి వెళ్ళేది. అది వాయించే మనిషి మాత్రం వంటింటి దారిన."

"రోజులు అలాంటివి."

"అవునండీ. అలాంటివే."

"నేను మాత్రం వాణ్ణి ఏనాడూ వేరుగా చూళ్ళేదు. కావాలంటే అడుగు. దారిలో ఎక్కడ తిండికి ఆగినా, తెల్లవాళ్ళకి తప్ప లోపల బల్ల ఇచ్చేవాళ్ళు కాదు, 'తెల్లవాళ్ళకే' అన్న బోర్డు తీసేసినా సరే. వాడు వ్యాన్లో కూర్చునేవాడు. పళ్ళెం ఎవరు పట్టుకెళ్ళేవారనుకున్నావ్? నేను! నేను ముద్ద ముట్టకముందే. నాదానికంటే పెద్ద మాంసం ముక్క చూసి మరీ పెట్టించేవాణ్ణి. ఒక్కపూట మర్చిపోలేదు."

"పళ్ళెం సంగతి చెప్పాడు."

"చెప్పాడా! చూశావా మరి? గుర్తుందన్నమాట!"

"ఇన్నేళ్ళకి చెప్పాడు. పేపరు చదివిన రోజున."

"'బాగుందిరా వెండెల్' అనేవాడు. ఎప్పుడూ అదే మాట. పళ్ళెం ఊడ్చినట్టు ఖాళీ చేసిచ్చేవాడు."

"తినేవాడు కాదండీ."

"ఎవరు?"

"మా నాన్న. మీరటు తిరగ్గానే పొదల్లో పారబోసేవాడు. కుక్కలు తినేవి. సీటు కింద మా అమ్మ కట్టిచ్చిన మొక్కజొన్న రొట్టె ఉండేది. అది తినేవాడు."

"అబద్ధం."

"నేనెందుకు చెబుతానండీ అబద్ధం?"

"మరి బాగుంది అని... అన్నేళ్ళూ నాతో బాగుంది అని ఎందుకన్నాడు?"

"అంత ప్రేమగా తెచ్చారు కదా. మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక."

"వద్దురా అనొచ్చుగా! ఒక్క మాట! ఒక్క మాట అనొచ్చుగా!"

"మీరూ ఒక మాట అనొచ్చు."

"ఏమనాలి నేను? ఆ హోటలు వాళ్ళతో కొట్లాడమంటావా? కాళ్ళు విరగ్గొట్టి పంపేవాళ్ళు ఇద్దర్నీ."

"కొట్లాడమని ఎవరన్నారు? మీ పళ్ళెం కూడా పట్టుకొచ్చి ఆ వ్యాన్లో కూర్చుని తినొచ్చు కదా. ఒక్కపూట. నాన్న అదే అన్నాడు. 'ఇవాళైనా వెండెల్ రెండు పళ్ళేలు తెస్తాడేమో అని చూసేవాణ్ణే' అన్నాడు."

"రెండు పళ్ళేలా... నా కోసం అలా చూసేవాడా?"

"ఊరుకోండి. మిమ్మల్ని ఏడిపించడానికి రాలేదు."

"నాకు తోచలేదమ్మా. దేవుడి మీద ఒట్టు. లోపల డబ్ ఏవో జోకులేసేవాడు, మేమంతా నవ్వుకుంటూ... తోచనే లేదు."

"నాన్నా అదే అన్నాడు. వాడు చెడ్డవాడు కాదే, తోచలేదంతే అన్నాడు."

"పలక మీద పేరు తీయించెయ్యమన్నాడా?"

"లేదు. 'పలక పెట్టేది రోడ్డు మీదేగా, ఉండనీ. నేనెప్పుడూ బయటేగా' అన్నాడు."

"అయ్యో! అయ్యో యూలిస్! నేను వస్తానమ్మా. ఇప్పుడే కొట్టు మూసేసి మీ ఇంటికొస్తాను. వాడి ముందు కూర్చుంటాను. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. ఉంటాడుగా ఇంట్లో?"

"ఇంట్లో లేడండీ."

"మోకాళ్ళ నొప్పులతో ఈ ఎండలో ఎక్కడికెళ్ళాడమ్మా?"

"తను వచ్చినట్టు మీతో చెప్పొద్దన్నాడు. బయట కార్లోనే ఉన్నాడండీ. ఇందాకట్నించీ మీ గుమ్మం కేసే చూస్తున్నాడు."