గొడుగు కింద కెమెరా

పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికొచ్చిన చెల్లెలు తిన్నగా అన్న స్టూడియో గదిలోకి నడిచింది. ఊరందరి పెళ్ళిళ్ళూ ఫొటోలు తీసే అన్న, ఆమెను చూడగానే కంప్యూటర్ తెరకు అడ్డంగా నిలబడ్డాడు.

"నాన్న నన్ను కారెక్కించిన ఫొటో చూపించన్నయ్యా."

"ఇంకా సరిచెయ్యాలే. తర్వాత చూద్దువుగాని."

"పరాయివాళ్ళకి పందిట్లోనే చూపిస్తావు. సొంత చెల్లెలికా ఈ నాన్చుడు? జరుగు."

జరగక తప్పలేదు. తెర నిండా తెల్లటి మసక. అందులో చీర రంగు తప్ప మనుషుల ఆనవాలు లేదు.

"ఇదేంటి, పొగలో తీశావా?"

"వానకి తడుస్తుందని కెమెరాకి ప్లాస్టిక్ కవరు చుట్టి, టేపు బిగించానే. గాలాడక లోపల చెమ్మ పట్టింది. లెన్సు మసకేసిందని చూసుకోలేదు."

"కవరుందిగా! మరి నాన్న చేతిలో గొడుగెందుకు లాక్కున్నావు?"

అతను బల్ల మీది కెమెరా వైపు చూశాడు.

"కొత్త కెమెరా కదే..."

"నాన్న పాతవాడనా?"

"కాసేపటి జల్లే కదా అనుకున్నా."

"తడిసి ముద్దయి, వణుకుతూ కారు తలుపేశాడు. అద్దం అవతల నుంచి ఏదో అన్నాడు, వాన చప్పుడుకి వినబళ్ళేదు. ఫొటోలో ఆ మొహమైనా చూసుకుందామనుకున్నానన్నయ్యా."

అతను తల దించుకున్నాడు. పక్కగదిలోంచి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. దాని వెనకే జ్వరంతో బొంగురుపోయిన తండ్రి గొంతు.

"అన్నయ్యనేమీ అనకమ్మా. ఒరే, ఆ కెమెరా బాగా ఆరిందా?"