లెక్కల టీచరు వేసిన ఒక్క స్టారు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. మూడో అంతస్తులో తలుపు తీసిన లెక్కల టీచరు, గుమ్మంలో భుజాన సంచితో ఎలక్ట్రీషియను, లోపల పేపరు చాటున ఆవిడ భర్త. ఎలక్ట్రీషియను పని మీద వచ్చినవాడు కాదు, పేచీ మీద వచ్చాడు.

"...పావుగంట నుంచి నొక్కుతున్నానండీ. నొక్కీ నొక్కీ వేలు లాగేస్తోంది. మీ బెల్లు మోగదా?"

"మోగదు. పదిహేను రోజులైంది. ఎలక్ట్రీషియన్ని పిలిచాను, రాలేదు."

"ఎవర్ని పిలిచారు?"

"నిన్నే."

"నాకు ఫోను రాలేదే."

"వచ్చింది. మీ ఆవిడ ఎత్తింది. 'సార్ మీటింగులో ఉన్నారు' అంది. స్తంభం మీద మీటింగేమిటి నాయనా?"

"అది... ఫోన్లో అలా అనాలట మేడమ్. అంటే పెద్ద కంపెనీ అనుకుంటారట. మా ఆవిడ ఆన్‌లైన్లో ఏదో క్లాసు వింది. మీ వీధి కస్టమర్లని మీ ఫోన్లోకి రప్పించుకోండి అని. పది రోజుల క్లాసు."

"రప్పించుకున్నారుగా. సంతోషం. ఎందుకొచ్చావ్?"

"మీరు ఒక్క స్టారు ఇచ్చారు."

"ఎవరికి?"

"నాకు. నెట్లో. మ్యాపులో నా షాపు కింద. శుక్రవారం మధ్యాహ్నం."

"నేనా?"

"'లెక్కల టీచర్' అని పేరుంది. పక్కన ఫోటో ఉంది. పూలకుండీ పట్టుకుని."

"పూలకుండీలు లక్షమంది దగ్గరుంటాయి."

"పూలకుండీ పైన మొహం మీదే మేడమ్."

"ఏమండీ, వింటున్నారా? ఇతను నా మొహం గురించి మాట్లాడుతున్నాడు."

"వింటున్నా. మొహం నీదే. ఆ ఫోటో తీసింది నేనే."

"మీరు పేపరు చదువుకోండి."

"చదివేశా. బాబుని లోపలికి రమ్మనవోయ్. ఎదురింటివాళ్ళు టికెట్టు లేకుండా చూస్తున్నారు."

"రా. ఆ సంచి నేల మీద పెట్టకు, ఇప్పుడే తుడిచాను."

"పెట్టను. కూచోను కూడా. మీరు రాసింది చదువుతా, వినండి. 'పని రాదు. మాట వినడు. ఇతను ఫ్యాను బిగిస్తే ఫ్యాను కంటే ఇల్లే ఎక్కువ తిరిగింది. ఇతన్ని పిలిచేకన్నా చీకట్లో కూచోవడం నయం.' ఇదీ."

"అచ్చుతప్పులు లేవుగా?"

"లేవు."

"మరింకేం."

"ఇంకేం అంటారేంటి మేడమ్? ఏ ఫ్యాను? ఇదేనా? సార్, కాస్త స్విచ్చి వెయ్యండి."

"వేశా. తిరుగుతోంది. చప్పుడు కూడా లేదు. నా పేపరు లేచిపోతోంది."

"మిమ్మల్నెవరు వెయ్యమన్నారండీ?"

"ఇల్లు తిరుగుతోందా సార్?"

"ఇంకా లేదు బాబూ. మీ మేడమ్ గొంతు పెంచితే అప్పుడు చెబుతా."

"పోనీ గీజరు పాడైందా? వంటింట్లో ప్లగ్గు? నాలుగేళ్ళ నుంచి ఈ ఇంటి వైరింగు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఏది చెడిందో చూపించండి."

"బెల్లు."

"అది నేను పెట్టింది కాదు. ఇల్లు కట్టినవాళ్ళు పెట్టారు."

"అదిగో, సాకులు."

"మేడమ్, ఇంకో రోజైతే ఈ పాటికి నవ్వేసి పోయేవాణ్ణి. ఇవాళ కుదరదు. ఆ కొత్త టవర్లున్నాయే, నాలుగు బ్లాకులు, రెండొందల నలభై ఫ్లాట్లు. ఏడాది పొడుగునా కరెంటు పనంతా ఒక్కరికే ఇస్తారట. సాయంత్రం ఆరింటికి వాళ్ళ కమిటీ కూచుంటుంది. ఇద్దరం మిగిలాం. ఎవరికి స్టార్లెక్కువుంటే వాళ్ళకే. ఇరవై రెండేళ్ళు స్తంభాలెక్కా, అది అడగలేదు. ఎన్ని స్టార్లు అనడిగారు."

"నీకెన్నున్నాయి?"

"శుక్రవారం పొద్దున నాలుగు పాయింట్ ఎనిమిది. మీరు చెయ్యి పెట్టాక నాలుగు పాయింట్ ఆరు. అవతలి వాడిది నాలుగు పాయింట్ ఏడు. ఒక్క పాయింటు మేడమ్. ఒక్క పాయింటు దగ్గర నా ఏడాది పోయేలా ఉంది."

"అవును మరి. పంతొమ్మిది మంది కలిపి తొంభై ఒకటి ఇచ్చారు. నేను రెండు వేసుంటే ఇరవై మందికి తొంభై మూడయ్యేది. సగటు నాలుగు పాయింట్ ఆరు అయిదు. దాన్ని ఏడని చూపిస్తుంది. మీరిద్దరూ సమానమయ్యేవాళ్ళు. అందుకే ఒకటి."

"ఆగండి మేడమ్. పంతొమ్మిది మంది, తొంభై ఒకటా?"

"ఏంటలా చూస్తావ్?"

"అంటే మీరు లెక్కేసి మరీ ఇచ్చారా?"

"లెక్కల టీచర్ని. లెక్క వెయ్యకుండా ఎలా ఇస్తాను?"

"కాగితం మీద వేసింది బాబూ. రెండుసార్లు సరిచూసుకుంది కూడా."

"మిమ్మల్ని ఊరుకోమన్నానా లేదా? అసలు నీ పంతొమ్మిది మంది సంగతి చూద్దాం. అందులో నాలుగు మీ బావమరిది రాసినవి."

"ఎవరన్నారు?"

"నాలుగు పేర్లతో నాలుగు రాశాడు. నాలుగింట్లోనూ 'అద్బుతం' అన్నాడు. భ రాయాల్సిన చోట బ. వేరే వేరే మనుషులు ఒకే తప్పు ఎప్పుడు రాస్తారో తెలుసా? కాపీ కొట్టినప్పుడు."

"మొదట్లో నలుగురివి ఉంటేగానీ అయిదోవాడు రాయడట మేడమ్. క్లాసులో చెప్పారట. తక్కినవన్నీ నిజం కస్టమర్లవి. పనయ్యాక కార్డు ఇస్తాను, ఫోన్‌తో స్కాన్ చేసి అక్కడే రాసేస్తారు."

"రాసేదాకా నిచ్చెన దిగవట కదా."

"కిందున్నప్పుడు అడిగితే తర్వాత రాస్తామంటారు. నిచ్చెన మీద నుంచి అడిగితే మొహమాటపడతారు. సరే, అది వదిలెయ్యండి. మీరు రాసినదాని కింద మా ఆవిడ పెట్టిన జవాబు చూసి కోపం ఇంకా పెరిగిందా?"

"అదేంటి, నేను చూళ్ళేదు. ఏం రాసింది?"

"వద్దులెండి."

"చదువు బాబూ. ఆదివారం, ఏమీ తోచట్లేదు."

"'ప్రియమైన కస్టమర్, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. ఇంట్లో చీకటి అయితే అరగంటలో వస్తాం. మనసులో చీకటికి మా దగ్గర బల్బు లేదు. ఇట్లు, యాజమాన్యం.'"

"వాక్యం బావుంది. చదువుకున్న పిల్లలా ఉంది. నిన్నెందుకు చేసుకుంది?"

"మేడమ్, నేను మర్యాదగా మాట్లాడుతున్నాను."

"నేనూ మర్యాదగానే అడుగుతున్నాను."

"ఇంక నాకు తెలిసి ఒక్కటే. ఆ వీడియో. మా ఆవిడ నెట్లో పెట్టిన, మీ వంటింటి పాత స్విచ్‌బోర్డుది. అదేనా?"

"అదిగో, ఇప్పుడు దారికొచ్చావు."

"పేరు పెట్టలేదు. మొహాలు లేవు. ఉత్త బోర్డు. 'ముందు ఇలా ఉండేది, తర్వాత ఇలా అయింది', అంతే."

"బోర్డు ఎవడు చూశాడు? పైనున్న బూజు చూశారు. పదకొండు వేల మంది మా వంటింట్లో బూజు చూశారు. కింద ఎవడో రాశాడు, 'వైరింగు సరే, ఆ సాలీడు అద్దె కడుతుందా?' అని. దానికి మూడొందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు. మా ఆడపడుచు ఫోన్ చేసి, 'వదినా, మీ టైల్సు ఫోన్లో వస్తున్నాయి' అంది."

"అది మా చెల్లెలు బాబూ. ఆ పదకొండు వేలల్లో రెండు వేలు దానివే అయ్యుంటాయి."

"నాకప్పుడు తెలీలేదు మేడమ్. పని చూపిస్తే ఎవరూ చూడరు, ముందు భయం చూపించాలి అని క్లాసులో చెప్పారట. నల్లబడ్డ బోర్డు భయంగా ఉంది. బూజు ఇంకా భయంగా ఉంది. మా ఆవిడ కత్తిరించకుండా ఉంచేసింది."

"తెలిసే ఉంచిందన్నమాట."

"ఫోన్లు మొదలైంది ఆ వీడియోతోనే. ఈ చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళు అది చూసే పిలిచారు. టవర్లవాళ్ళ సెక్రటరీ కూడా అది చూసే... సరే. సరే, తీసేస్తా. ఇదిగో, మీ కళ్ళముందే. చూడండి. 'తొలగించాలా' అంటోంది. అవును. పోయింది. పదకొండు వేలు పోయాయి. ఇప్పుడు మీ స్టారు తియ్యండి."

"తియ్యను."

"ఏం?"

"తియ్యనంతే."

"బూజు కోసం కదా ఇచ్చింది?"

"బూజు ఆ రోజే దులిపేశాను. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మరి వీడియో ఎందుకు తీసేయించారు?"

"నేను తియ్యమన్నానా? ఏమండీ, నేనేమన్నా తియ్యమన్నానా?"

"అన్లేదు. ఉత్తినే చూశావు. ఇరవై ఆరేళ్ళుగా నా చేత కూడా అలాగే చేయించింది బాబూ, ఒక్కటీ నోటితో చెప్పలేదు."

"మేడమ్, ఇది అన్యాయం."

"ఏది అన్యాయం? నేను ఎవరికీ నిండుగా మార్కులివ్వను. నా పద్ధతి అది. సొంత మేనకోడలికి నూటికి తొంభై తొమ్మిది వేసి ఒకటి కోశాను, సున్నా గుండ్రంగా లేదని. ఆరు నెలలు మా అన్నయ్య మాట్లాడలేదు. అయినా వెయ్యలేదు. మహామహులకే వెయ్యలేదు, నీకు వేస్తానా?"

"అయిదు అడగలేదు మేడమ్. తియ్యమంటున్నాను. అసలు మీరు ఇంకెవరికి ఎన్ని... ఆగండి."

"ఏంటి?"

"మీ ఫోటో మీద నొక్కితే మీరిచ్చినవన్నీ వస్తాయి."

"ఎందుకు నొక్కుతావ్? నొక్కకు."

"నొక్కేశా. మొత్తం రెండిచ్చారు. ఒకటి నాకు. రెండోది..."

"ఆ ఫోను ఇలా ఇవ్వు."

"రెండోది షాక్ మామకి."

"ఏ షాక్ మామ? నాకెవరూ తెలీదు."

"మెయిన్ రోడ్డు మూల షాపాయన. సాయంత్రం నాతో పోటీలో ఉన్నాయన. షాక్ మామ అని ఎందుకంటారో మీకూ తెలుసు. ఆయన ముట్టుకున్నవి ఆ తర్వాత ఇంకెవరూ ముట్టుకోలేరు. ఆయనకి అయిదు ఇచ్చారు. అయిదుకి అయిదు."

"పొరపాటున వేలు తగిలుంటుంది."

"కింద ఏడు లైన్లు రాశారు మేడమ్. అది కూడా వేలు తగిలేనా? 'దేవుడిలాంటి మనిషి. చెయ్యి పెడితే చాలు, వెలుగు. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు, ముఖ్యంగా టవర్లు, ఇతన్నే పిలవాలి. ఆలస్యం చెయ్యకండి.'"

"బాగానే రాశావోయ్. పెళ్ళికి ముందు నాకు రాసిన ఉత్తరంలో కూడా ఇంత లేదు."

"సార్, పోయిన నెల ఈ బిల్డింగు మోటారు కాల్చింది ఎవరు?"

"ఆయనే."

"నాలుగు రోజులు నీళ్ళు మోసింది ఎవరు?"

"నేనే. మూడంతస్తులు. వెలుగు మాత్రం నిజం బాబూ. మోటారు మండుతుంటే వీధి చివరిదాకా కనిపించింది."

"వినండి మేడమ్. మీ మోటారు తగలబెట్టినవాడు దేవుడు. దాన్ని విప్పి మళ్ళీ చుట్టించి తెచ్చి బిగించినవాడు పని రానివాడు. సరే. చాలు. ఈ గడప ఇంక తొక్కను. మీ గీజరూ, మీ ఫ్యాన్లూ, మీ బెల్లూ అన్నీ ఆ దేవుడి చేతే చేయించుకోండి."

"అదేంటి, అలా అంటావేంటి?"

"నెంబరు ఇస్తా, రాసుకోండి."

"వద్దు. ఆ మనిషిని మా ఇంట్లో అడుగు పెట్టనిస్తానా?"

"అయిదిచ్చారు కదా."

"అయిదిస్తే? ఇంట్లోకి రానిస్తారా ఎవరైనా? స్విచ్చి వెయ్యడానికి కర్ర వెతుక్కోవాలి."

"మరి టవర్లవాళ్ళు?"

"వాళ్ళ దగ్గర కర్రలుంటాయి."

"మేడమ్, నాకు బుర్ర పనిచెయ్యట్లేదు. ఆ టవర్లు వస్తాయని గురువారమే ఇద్దరు మనుషుల్ని పనికి మాట్లాడుకున్నా. మా ఆవిడ వ్యాను మీద పేరు కూడా రాయించింది, టీవీవాళ్ళొస్తే ఇంటర్వ్యూ ఇవ్వడానికి మొహం కడుక్కుని కూచుంది. నేను మీకేం చేశాను? ఎక్కువ తీసుకున్నానా? అబద్ధమాడానా? ఎప్పుడన్నా పని సగంలో వదిలేశానా?"

"ఏనాడూ లేదు. అదే వచ్చిన చిక్కు."

"చిక్కేంటి?"

"ఏం లేదు."

"పోనీ మీరే ఓ సలహా చెప్పండి. పెద్దవారు, చదువు చెప్పేవారు. ఇంకో ఎనిమిది గంటలుంది. నేనేం చేస్తే మీరు ఆ ఒకటి తీస్తారు? కాళ్ళు పట్టుకోనా?"

"కాళ్ళు వద్దు. ఇప్పుడే తుడిచాను."

"చెప్పెయ్యవోయ్, పాపం. లేకపోతే సాయంత్రం ఆరు దాకా ఇక్కడే నిలబడేలా ఉన్నాడు."

"మీరు నోరు మెదిపారంటే..."

"నేను చెప్పను. నువ్వే చెప్పు."

"ఎవరో ఒకరు చెప్పండి."

"ఏముంది చెప్పడానికి? ఈ చుట్టుపక్కల పని వచ్చినవాడివి నువ్వొక్కడివి. ఇప్పుడే మా బెల్లుకి పదిహేను రోజులైనా రాలేదు. నీకు అయిదిచ్చి, ఆ సంగతి రెండొందల నలభై ఇళ్ళకి చెప్పుకోడానికి నాకేమన్నా పిచ్చా?"