ఫైనల్ మ్యాచ్‌ల తాత ఏసిన ఈల

"నానమ్మా, సింధు అక్క లాక్రోస్ ఫైనల్ల తాతను గ్రౌండ్ నుంచి వెళ్లగొట్టిర్రట గదా! నిజమేనా?"

నిజమా అంటవేంది బిడ్డా! నేను పక్కనే కూసున్న. అగో, పేపర్ మొఖానికి అడ్డం పెట్టుకొని సోఫాల కూసున్నడు చూడు, ఆయన్నే అడుగు. చెప్పడు. ఈ ముచ్చటొస్తే ఆయనకు చెవులు వినపడవు.

నువ్వప్పుడు హన్మకొండల ఏడో, ఎనిమిదో చదువుతున్నవ్. ఇక్కడ అమెరికాల మీ మేనత్త బిడ్డ సింధుకు కాలేజీల ఆఖరి సంవత్సరం. మీ మేనత్త మమ్మల్ని ఆర్నెల్లకని పిలిపించుకున్నది. ఎడిసన్ల... కాదు కాదు, ఎడిసన్ తర్వాత కొన్నరు, అప్పుడు ఐసెలిన్లనే కిరాయికుండిరి. ఓక్ ట్రీ రోడ్డుకు నడిచి పోయి కూరగాయలు తెచ్చేదాన్ని.

ఇగ ఆ ఆట చెప్త విను. పొడుగు కట్టె, దాని కొసన చిన్న వల. ఆ వలల బంతి పట్టి, ఊపుకుంట ఉరికి, గోల్ల కొట్టాలె. ఆడపిల్లలకు హెల్మెట్ లేదు, గోల్ కాడ నిలబడే పిల్లకు తప్ప. కండ్లకు తీగెల జాలి అద్దాలు, నోట్లె రబ్బరు ముక్క, గంతే. ఆ అద్దాలు గూడ అప్పుడప్పుడే వచ్చినయట. వాళ్ల కోచ్ ఆడిన రోజుల్ల అవీ లేవు. ఆమె గూడ అదే కాలేజీల చదివింది. మగపిల్లల ఫుట్‌బాల్ ప్రాక్టీస్ అయినంక, వాళ్లు తొక్కి తొక్కి ఇడిసిపెట్టిన బురదల ఆడుకునేటోళ్లమని చెప్పింది నాకు. అమెరికాల గూడ గిట్లనేనా అని నేను నోరెళ్లబెట్టిన. గిట్లనేనట! కొట్లాడి కొట్లాడి గ్రౌండ్ తెచ్చుకున్నరట.

గట్ల తెచ్చుకున్న కాలేజి ఒక్కసారి గూడ చాంపియన్ కాలే. సింధు చేరినంక రెండేండ్లు వరుసగ ఫైనల్ దాక పోయిర్రు, రెండుసార్లూ ఓడిర్రు. ఓడగొట్టింది ఎవరు? ఆ నీలం డ్రెస్సు కాలేజోళ్లే. మూడోసారి ఫైనల్, మల్ల వాళ్లే ఎదురుంగ! సింధుకు ఇది పోతే మల్ల లేదు, చదువైపోతది. పొద్దుగాల అన్నం ముందర పెడితే నోట్లె ముద్ద పోలే పిల్లకు.

ఇంకొక్కటి చెప్పాలె నీకు, అసలు సంగతంత దాంట్లనే ఉన్నది. ఆ ఆటల అంపైర్ ఈల ఏసిందనుకో, ఎక్కడోళ్లు అక్కడ ఆగిపోవాలె. మీరు చిన్నప్పుడు స్టాచ్యూ అని ఆడకపోదురా, గట్ల! కాలు లేపినోళ్లు లేపినట్టే. నాకు మస్తు నవ్వొచ్చేది. చిన్నప్పటి సంది ఆడే పిల్లలు గద, ఈల చెవుల పడితే కాళ్లు వాటంతటవే ఆగిపోతయి.

మరి మీ తాత సంగతి ఎర్కనే గదా. హన్మకొండల ముప్పావలా నేల టికెట్ కొని, హీరో తెర మీదికి రాంగనే ఏసే ఈల! రెండు వేళ్లు నోట్లె పెట్టిండంటే పక్క వీధి కుక్కలు గూడ లేసేటియి. మా ఆడబిడ్డ, అదే మీ రాజమ్మ నానమ్మ, ఆమె పెండ్లి బరాత్‌ల బ్యాండోళ్లే చెవులు మూసుకున్నరు.

ఇగ మ్యాచ్. చెరి సమానంగున్నది. ఇంక కొంచెం సేపే. సింధుకు బంతి దొరికింది. ఉరికింది చూడు బిడ్డా! ఇద్దర్ని దాటింది, ముందర గోల్ పిల్ల తప్ప ఎవ్వరు లేరు. మీ మామ లేసిండు, మీ అత్త లేసింది, నేను చీర కుచ్చిళ్లు పట్టుకొని బెంచీ ఎక్కిన. మీ తాత లేసిండు. వేళ్లు నోట్లె పెట్టిండు.

ఏసిండు.

సింధు ఆగిపోయింది! బంతి వలల ఉన్నది, కాలు ముందుకున్నది, బొమ్మ లెక్క నిలబడ్డది. అందరు ఆగిపోయిర్రు. ఒక్కతే ఆగలే. పొడుగు జడ పిల్ల, నీలం డ్రెస్సుది, అంపైర్ పక్కనే ఉండె. అంపైర్ నోట్లె ఈల లేదని చూసుకున్నది. వచ్చి సింధు కట్టె మీద ఒక్కటి కొట్టి, బంతి రాలగొట్టి, ఎత్తుకొని ఆ కొస దాక ఉరికి గోల్ కొట్టింది.

మనోళ్ల కోచ్ లొల్లి పెట్టింది. అంపైర్లు ముగ్గురు కూడి మాట్లాడుకున్నరు. "ఈల మేమెయ్యలే. గోల్ గోలే" అన్నరు.

చలిల, మంచుల నాలుగేండ్లు ఉరికిన పిల్ల కష్టం మీ తాత రెండు వేళ్ల సందుల నుంచి పోయె గదా అనుకున్న.

గంతల పసుపు జాకెట్ ఏసుకున్న మనిషి పైకెక్కి వచ్చిండు. "ఐ యామ్ గ్రాండ్‌ఫాదర్" అంటడు మీ తాత. "యెస్ సర్, బయటికి నడువుండ్రి సర్" అన్నడు వాడు. మీ మామ మొఖం టోపీల దాచుకున్నడు. పోతపోత మీ తాత నా దిక్కు చూసి, "నువ్వు రావా?" అన్నడు.

"నేనెందుకొస్త? ఈల నేనేసిన్నా?" అన్న. తప్పా? ఆట నడుస్తుంటే ఎవరన్న లేస్తరా?

ఇగ మనోళ్లు చూడు, పులులే! ఎర్రజుట్టు పిల్లొకతి గుంపుల నుంచి దూరి గోల్ కొట్టింది. మల్ల సమానం. మల్ల సింధుకు బంతి. ఆ జడ పిల్ల ఉరికొచ్చి భుజం మీద కట్టెతోని కొట్టింది. ఈసారి అంపైర్ ఈలనే! అందరు స్టాచ్యూ. సింధుకు ఫ్రీ షాట్ ఇచ్చిర్రు. అర్ధచంద్రం లెక్క గీత ఉంటది, దాని మీద నిలబడ్డది పిల్ల. పక్కలకు నీలం డ్రెస్సులు, ముందర గోల్. అంపైర్ ఈల ఏసుడుతోనే రెండంగల్ల ఉరికి, కిందికి, నేలకు రాసుకుంట కొట్టింది బిడ్డా! గోల్ పిల్ల కాళ్ల సందుల నుంచి లోపలికి!

టైమ్ అయిపోయింది. గెలిచిర్రు! ఆ కాలేజీకి మొదటి కప్పు! కోచ్ గడ్డి మీద మోకాళ్ల మీద కూలబడి చిన్నపిల్ల లెక్క ఏడ్సింది.

పార్కింగ్ లాట్‌ల మీ తాత కారుకు ఆనుకొని నిలబడ్డడు. జాలి కంచె పట్టుకొని అంతా చూసిండట. సింధు టీమంతటితోని వస్తున్నది, మొఖం మీద అద్దాల అచ్చు, మోకాళ్లకు మట్టి. తిడతదనుకున్న. మీ తాత గూడ గదే అనుకొని తల దించిండు.

"తాతా! దట్ వాజ్ సో లౌడ్! నాకు నేర్పు!" అన్నది.

అంటే ఈయనేమన్నడో తెల్సా? "ఆడపిల్లవు, నీకెందుకమ్మా ఈలలు?"

నాకు ఒళ్లు మండింది! పెండ్లైన కొత్తల నేనడిగితే గూడ గదే మాట. అప్పుడు నోరు మూసుకున్న, మా అత్త పక్కనే ఉండె. ఆ రోజు మూసుకోలే. "నువ్వు చెడగొట్టినదాన్ని దిద్దనీకి ఆడపిల్ల పనికొచ్చింది, ఈలకు పనికిరాదా? నేర్పు. ముందుగాల నాకు నేర్పు!" అన్న. నేర్పకుంటే ఇడుస్తరా? చుట్టూ పన్నెండు మంది, చేతులల్ల కట్టెలు!

నేర్పిండు. అందరం మట్టి వేళ్లు నోట్లె పెట్టుకొని ఫుస్సు ఫుస్సని ఉమ్ము రాలగొట్టినం. మొదలు ఎవరికొచ్చిందనుకున్నవ్? కోచ్‌కు! తర్వాత సింధుకు. ఆ తర్వాత నాకు. ఆ పసుపు జాకెట్ మనిషి మల్ల ఉరికొచ్చిండు, ఇప్పుడెవర్ని వెళ్లగొట్టాల్నో తెల్వక గట్లనే నిలబడ్డడు.

అరే, వేళ్లు నోట్లె గట్ల కాదు బిడ్డా. నాలుక కొస లోపలికి మడువు... ఇంకింత... ఆఁ, గట్ల. ఆయన పేపర్ దించి చూస్తున్నడు, చూడనీ. నిండు నూరేండ్లు సల్లగుండు బిడ్డా... ఇగ ఊదు.