వెంకటాద్రిగారి కోర్టు

హలో… ఆ, నేనేనండీ, కనకరత్నాన్నే… ఎవరూ, వెంకటాద్రి బాబాయ్‌గారా.

చెప్పండి, చెప్పండి. అవనిగడ్డలో ఉన్నారా… కోర్టు దగ్గరే. ఏమైంది, వాయిదా పడిందా?… పడక ఏం చేస్తుందిలెండి, పద్దెనిమిదేళ్ళ నుంచీ పడుతూనే ఉందిగా.

అది కాదా… మరేంటి?

…

ఆ.

…

ఎవరు చెప్పారు మీకు?… శ్రీకృష్ణగారా. ప్లీడరుగారే చెప్పారా.

నవ్వారా… అందరి ముందూనా…

అయ్యో రామ. — లేదండీ, నేను నవ్వట్లేదు. దగ్గొచ్చింది. సరే, నవ్వాను, ఒక్కసారే నవ్వాను. ఇంక నవ్వను, వినండి.

నిజమే బాబాయ్‌గారూ. మనూరికొచ్చేది జడ్జిగారు కూర్చునే కోర్టు కాదు. కబడ్డీ కోర్టు. మన ఆడపిల్లలు కబడ్డీ ఆడుకోవడానికి గీతలు గీసిన జాగా ఉంటుందే, దాన్నీ కోర్టే అంటారు.

…

బాబాయ్‌గారూ… ఉన్నారా?… హలో…

ఉన్నారా. తిట్టండి, ఫర్వాలేదు… ఊఁ… ఊఁ… అదీ నిజమే… ఆ మాట మాత్రం కొంచెం ఎక్కువైంది, అయినా సరే, పడతాను.

ఇంతకీ ప్లీడరుగారితో మీరేమన్నారసలు?… 'వచ్చే ఏడు నుంచీ మీరే బస్సెక్కి మా ఊరు రావాలి' అన్నారా… ఆహా… ఇంకా ఎవరికి చెప్పారు?… టీ కొట్టు ఆంజనేయులిక్కూడానా. కొట్టు ఎత్తుకొచ్చి మనూళ్ళో పెట్టుకోమన్నారా. స్థలం కూడా మీరే చూపిస్తానన్నారా…

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు… అబ్బే, మిమ్మల్ని కాదండీ. ఊరికే సామెత గుర్తొచ్చింది.

సర్పంచినై ఉండి నేను మోసం చేశానా… ఎలా అండీ, మీరే చెప్పండి. బందరు నుంచి సోమేశ్వరరావుగారొచ్చి మనూరి చివర లేఔటేసి ప్లాట్లు అమ్ముకుంటున్నారు. వెంచరులో కొంత జాగా ఊరికి వదిలి, అందులో నలుగురికీ పనికొచ్చేది ఒకటి కట్టిస్తానని ఒప్పుకున్నారు. ఏం కావాలో ఊరే తీర్మానం చేసుకోమన్నారు. అవునా… అంతే కదా. మరి ప్లాట్లమ్ముకునే మనిషి జడ్జిగారిని ఎక్కణ్ణుంచి తెస్తారండీ. కోర్టు హాలు కట్టించినా, జడ్జిగారిని కూడా సిమెంటుతో కట్టిస్తారా?

ఆ, మైకు… ఆ రోజు గ్రామసభలో మైకుది తప్పే. నేను కాదనట్లేదు. సెక్రటరీ గోపి తీర్మానం చదువుతుంటే గరగరమంది. 'కబడ్డీ' అన్న ముక్క అది మింగేసింది, 'ఊరికి కోర్టు' అన్నదొక్కటే మీ చెవిన పడింది. పడడం ఆలస్యం, మీరు లేచారు.

పావుగంట మాట్లాడారు. 'ఈ ఊళ్ళో న్యాయం కావాలంటే బస్సెక్కి వెళ్ళాల్సొస్తోంది' అన్నారు. ఎంత బాగా అన్నారో. కల్యాణమండపం కావాలని పట్టుబట్టినవాళ్ళూ, జిమ్ము కావాలన్న కుర్రాళ్ళూ, అందరూ సరేనని చేతులెత్తారు. మా రాజకుమారి టీచరు పిల్లలకి కబడ్డీ నేర్పుతూ నెల రోజులు ఇల్లిల్లూ తిరిగి బతిమాలినా లేవని చేతులు, మీ ఒక్క మాటకి లేచాయి.

…ఏంటీ?

నాకప్పుడే అర్థమైందా అంటారా.

…

అయిందండీ. అబద్ధం చెప్పను. 'న్యాయం' అన్న మాట మీ నోట రాగానే అర్థమైంది. అప్పుడే లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. నలభై చేతులు గాల్లో ఉన్నాయి బాబాయ్‌గారూ, నేను నోరు తెరిస్తే నలభయ్యీ కిందికి దిగేవి. నోరు మూసుకుని కూర్చున్నాను. తప్పు నాదే.

…

మీ పక్కనెవరండీ, ఆ నవ్వేది?… కోదండరామయ్యగారా. మీ మీద కేసేసిన కోదండరామయ్యగారేనా. పొద్దున ఇద్దరూ ఒకే బస్సెక్కారా… ఒకే సీట్లోనా. బాగుంది. పొలం గట్టు నాదంటే నాదని పద్దెనిమిదేళ్ళుగా కొట్టుకుంటారు, సీటు దగ్గర మాత్రం తగువు రాదు మీకు.

ఏమంటున్నారాయన?… ఆయనకి తెలుసా… చేతులెత్తినప్పుడే తెలుసా, కబడ్డీ అని?

మరి మీకెందుకు చెప్పలేదంట… ఒకసారి ఫోను ఆయనకివ్వండి.

నమస్కారం కోదండరామయ్యగారూ… ఆ, బాగున్నాను. తెలిసి కూడా నోరు మెదపకుండా కూర్చున్నారా… నేనూ అంతేననుకోండి… ఎందుకూ?… 'ఆయన అంత సంతోషంగా మాట్లాడ్డం చూసి ఏళ్ళయింది, ఎందుకు చెడగొట్టాలి' అనా…

మీ ఇద్దరి కేసూ ఎప్పటికి తెమిలేనండీ… సరే, సరే. ఆయనకివ్వండి. ఒక మంచి మాట చెప్పి ఇవ్వండి.

బాబాయ్‌గారూ… విన్నారుగా.

సంతకం పెట్టరా.

…అలా అనకండి. మీ కోపం నా మీద కదా, నా మీదే చూపించండి. కాగితం మీదొద్దు. మిగతా వార్డు మెంబర్లందరూ పెట్టేశారు, మీదొక్కటే ఖాళీ. తర్వాత ఎవరూ తగువుకి రాకూడదని ఒక్కటి తగ్గినా ఒప్పుకోనన్నారు సోమేశ్వరరావుగారు. నాలుగింటికి వాళ్ళ మేనేజరు గిరీష్ వస్తాడు, కాగితం పట్టుకుపోతాడు. ఇవాళ ఇవ్వకపోతే మనూరికి ఒక మాటంటూ లేదని తేల్చేసి, వెంచరు ముందు ఆర్చి కట్టుకుంటారంట… ఆ, ఆర్చి. పైన కంపెనీ పేరు, కింద అటొక సిమెంటు ఏనుగు, ఇటొక సిమెంటు ఏనుగు. నాకు బొమ్మ కూడా చూపించారు.

కట్టుకోమంటారా… ఏనుగులే నయమంటారా. ఏనుగులు మిమ్మల్ని మోసం చెయ్యవు, అదేగా.

…

బాబాయ్‌గారూ, ఒక్క రెండు నిమిషాలు వినండి. ఆ తర్వాత మీ ఇష్టం.

పిల్లలిప్పుడెక్కడ ఆడుతున్నారో తెలుసా మీకు?… బళ్ళో కాదు. బళ్ళో జాగా ఎక్కడిది, ప్రార్థనకే వంతులు. రేవు దగ్గర మేం చేపలెండబెట్టే గచ్చు మీద. మధ్యాహ్నం మేం చేపలెత్తేసి, మళ్ళీ తడి సరుకొచ్చే లోపల ఒక గంట ఖాళీ ఉంటుందే, ఆ గంటలో ఆడతారు. పదకొండు మంది. ఉప్పు గరగరలాడుతుంటుంది కాళ్ళ కింద. మోకాళ్ళన్నీ చెక్కుకుపోయి ఉంటాయి, ఆ గాయాల మీద ఉప్పు. అయినా కూత ఆపరు.

నేను సర్పంచిని కాకముందు… చెప్పడానికి సిగ్గేస్తోంది. నేను తరిమేదాన్నండీ వాళ్ళని. చీపురు పట్టుకుని. చేపల మీద కాలేస్తారని, సరుకు పాడైపోతుందని. 'ఆడపిల్లలు, పోయి ఇళ్ళల్లో పని చేసుకోండే' అని అరిచేదాన్ని. నేనా వయసులో తల మీద తట్టతో నాగాయలంక దాకా నడిచేదాన్ని, వీళ్ళకేంటి ఆటలని కడుపుమంట కూడా ఉండేదేమో. ఉండేది. ఎందుకు దాచాలి.

ఒకరోజు నేను చీపురెత్తేసరికి పరిగెత్తబోయి దుర్గ పడింది. ఆ, మన వెంకాయమ్మ మనవరాలే, పొడుగ్గా ఉంటుంది… గచ్చు మీద గడ్డం కొట్టుకుంది. నాలుగు కుట్లు. రక్తం కారుతోంది, నేను నా చెంగు పెట్టి అదుముతున్నాను. అదేమందో తెలుసా. 'అత్తా, పడ్డానని మా టీచరుతో చెప్పకు, ఆట మాన్పించేస్తారు' అంది. కొట్టినంత పని చేసిన మనిషిని పట్టుకుని నన్నే బతిమాలిందండీ.

అప్పట్నుంచీ వాళ్ళ మీద చీపురెత్తలేదు.

అందుకే ఆ రోజు సభలో నోరు మూసుకున్నాను. మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేద్దామని కాదు. మీకలా అయిందంటే నాకూ బాధగానే ఉంది. ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

…

…

ఊఁ?… కాగితమా. ఇక్కడే ఉంది, నా ముందే. చదవమంటారా… అక్షరం వదలకుండా. అలాగే.

'వెంచరు వారు వదిలిన స్థలమునందు గ్రామ బాలికల కొరకు సిమెంటుతో కబడ్డీ కోర్టు నిర్మించి ఇవ్వవలసినదిగా కోరుతూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

అంతే. కింద సంతకాలు…

పెట్టరా?

…చచ్చినా పెట్టరా.

బాబాయ్‌గారూ, ఇంత చెప్పాక కూడా… సరేనండీ. మీ ఇష్టం. నేనింక—

ఏంటీ?… కాదా… మళ్ళీ చెప్పండి, బస్సు హారనులో వినపడలేదు.

సిమెంటా.

…

సిమెంటుంటే పెట్టరా. కోర్టు గురించి కాదా… సిమెంటు గురించా.

మరి పక్కాగా ఉంటుందని రాయించామండీ, వానొచ్చినా బురదవకుండా… ఆ… ఆ… నిజమే కదా. గచ్చు మీద గడ్డం పగిలిందని ఏడుస్తూ, దాని చేతికి మళ్ళీ గచ్చే ఇస్తున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంతమంది సంతకాలు పెట్టారు, ఒక్కళ్ళకీ తట్టలేదండీ.

మీరాడారా?… ఎప్పుడూ… చెడుగుడు. మీ రోజుల్లో కబడ్డీ పేరదేగా… ఘంటసాల ఊరి జట్టు మీదా… మీ మోచెయ్యి అప్పుడు విరిగిందా. నేను పుట్టుకతోనే అలా వంకరనుకున్నాను… కళ్ళంలో రాతి మీద పడి… అయ్యో.

మరేం వెయ్యాలి?… మన నల్లరేగడి పనికిరాదా… ఎండితే బీటలు, తడిస్తే జారుడు. అవునవును… కాలవ ఒండ్రు… జల్లెడ పట్టి… ఇసకెంత?… మూడింట ఒక వంతు. రంపప్పొట్టు కూడానా… జానెడు మందం. నీళ్ళు చల్లి, తొక్కించి, మళ్ళీ చల్లి… మీరు దగ్గరుండి చేయిస్తారా. సోమేశ్వరరావుగారి మేస్త్రీకి ఈ పని రాదా… వచ్చినా మీరు నమ్మరు.

కోదండరామయ్యగారేమంటున్నారు?… ఇసక పాలు తక్కువైందంటున్నారా. మీరిద్దరూ దాని మీద కేసు మాత్రం వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది.

ఆగండి, పెన్ను తీసుకుంటాను… 'సిమెంటుతో' కొట్టేశాను. 'మెత్తని మట్టితో'… రాశాను. కొట్టివేత పక్కన మెంబర్లందరి చేతా పొట్టి సంతకాలు పెట్టిస్తాను, మీరొచ్చేసరికి. మూడింటికల్లా దిగుతారుగా… నేరుగా పంచాయితీ ఆఫీసుకే రండి, ఇంటికెళ్ళి పడుకోకండి… భోజనం నేను పెడతాను. చందువా చేపల పులుసు.

ఇంకో ముక్క రాయాలా… చెప్పండి, మీరు చెబుతుంటే రాస్తాను.

'సదరు స్థలములో…' ఆ… 'ఆడపిల్లలు ఆడుకొనుచుండగా…' ఆ, రాశాను… 'ఏ కారణము చేతనైనను…' ఊఁ… 'ఎవరును వారిని…'

…

'తరమరాదు.'

…

రాస్తున్నానండీ… ఏం లేదు, బాగానే ఉన్నాను. పెన్ను సరిగా పడట్లేదు. ఆ, పడింది.

ఇంకానా… 'ఎవరును' పక్కన ఒక మాట ఇరికించాలా. జాగా ఉంది, చెప్పండి.

…

'సర్పంచితో సహా.'

…

రాశాను బాబాయ్‌గారూ. నా చేత్తోనే రాశాను… ఆ, బస్సొచ్చిందా, ఎక్కండి, ఎక్కండి… హలో…